క్లోజింగ్‌కు ముందు కొత్త సర్వే చేయించాలా, అమ్మేవారు ఇచ్చిన పాత సర్వే సరిపోతుందా?

ప్రశ్న: కొత్త గృహస్థు, ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో మేము ఒక ఇల్లు కొంటున్నాం. బిల్డరు దగ్గర కొంటున్న కొత్త ఇల్లు కాదు, ఇప్పటికే ఒకసారి చేతులు మారిన ఇల్లు. కాంట్రాక్టు మీద సంతకాలు అయ్యాయి, డబ్బు కట్టి ఇంటిని మా పేరు మీదికి మార్చుకునే క్లోజింగ్‌కు ఇంకా మూడు వారాల గడువు ఉంది. ఇన్‌స్పెక్షన్ పూర్తయింది, అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) కూడా అనుకున్న ధరకే వచ్చింది. తేలకుండా మిగిలింది సర్వే విషయం ఒక్కటే.

అమ్మేవారు స్థలం హద్దులు చూపే 2011 నాటి సర్వే కాపీని, దానితోపాటు ఆ తర్వాత మార్పులేమీ లేవని ప్రమాణం చేస్తూ నోటరీ చేయించిన టీ-47 అఫిడవిట్‌ను ఇచ్చారు. ఆ సర్వే వీళ్లు చేయించింది కాదు, మొదటి యజమాని ఇల్లు కొన్నప్పుడు ఆయన పేరు మీద తయారైంది. టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కుకు బీమా ఇచ్చే సంస్థ) ఈ రెండు కాగితాలనూ అంగీకరించిందని, అప్పు ఇచ్చే లెండర్ కూడా అభ్యంతరం చెప్పలేదని, కాబట్టి మళ్లీ సర్వే చేయించడం అనవసరమైన ఖర్చని మా రియల్టర్ అంటున్నారు. కాంట్రాక్టు ప్రకారం కొత్త సర్వే కావాలనుకుంటే ఆ ఖర్చు మేమే పెట్టుకోవాలి. కొన్ని వందల డాలర్లు అవుతుంది. క్లోజింగ్ ఖర్చులన్నీ కలిసి ఇప్పటికే అంచనా దాటిపోయిన సమయంలో అది చిన్న మొత్తమేమీ కాదు.

ఇంకోవైపు మా నాన్నగారు, నేల కొలిపించకుండా డబ్బు కట్టవద్దని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతున్నారు. గట్టు తగాదాల వల్ల ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను దగ్గరగా చూసిన మనిషి కాబట్టి ఆయన మాటను తేలికగా తీసుకోలేకపోతున్నాను. పెరట్లో వచ్చే ఏడాది స్విమ్మింగ్ పూల్ కట్టించాలనే ఆలోచన కూడా ఉంది. చుట్టూ చెక్క కంచె ఉంది, అన్ని ఇళ్లూ ఒకే వరుసలో ఉన్నాయి, హద్దులు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. ఇటువంటి పరిస్థితిలో కొత్త సర్వే వల్ల మాకు నిజంగా కలిగే ప్రయోజనం ఏమిటో, తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం: కొలతల పనివాడు, హ్యూస్టన్

నేను ఒక సర్వే కార్యాలయంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మొదట క్షేత్రంలో కొలతలు తీసే బృందంలో, ఇప్పుడు నక్షాలు తయారుచేసే విభాగంలో ఉన్నాను. మీ ప్రశ్నలో "హద్దులు స్పష్టంగానే కనిపిస్తున్నాయి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఎందుకంటే మీకు కనిపిస్తున్నది కంచె మాత్రమే. కంచెను నిలబెట్టేవారు చాలామంది పాత కంచె గుంటల్లోనే కొత్త స్తంభాలు పాతుతారు, లేదా చెట్టు వేరు, కరెంటు పెట్టె, డ్రైనేజీ వాలు వంటివి అడ్డొస్తే అడుగో రెండడుగులో పక్కకు జరుపుతారు. హద్దు మాత్రం కౌంటీలో రికార్డయిన ప్లాట్ మ్యాప్‌లోని కొలతల ప్రకారం, నేలలో పాతిన ఇనుప కడ్డీల దగ్గర ఉంటుంది.

ఆ కడ్డీలను వెతకడమే మా పనిలో మొదటి మెట్టు. సాధారణంగా అవి అర అంగుళం మందం ఉన్న కడ్డీలు, గడ్డికింద కొన్ని అంగుళాల లోతులో ఉంటాయి. లోహాన్ని పసిగట్టే పరికరం మోగిన చోట చిన్న పారతో మట్టి తీస్తే, కడ్డీ తల మీద ప్లాస్టిక్ టోపీ, దాని మీద దాన్ని పాతిన సర్వేయర్ లైసెన్సు నంబరో సంస్థ పేరో కనిపిస్తాయి. అలా దొరికిన కడ్డీల మధ్య దూరాలను, కోణాలను కొలిచి, ప్లాట్ మ్యాప్‌లో ఉన్న అంకెలతో సరిపోల్చి, ఏ కడ్డీ అసలు చోట ఉంది, ఏది కంచె పనిలోనో తోట పనిలోనో కదిలిపోయింది అన్నది తేలుస్తాం. దొరకని మూలలో కొత్త కడ్డీ పాతుతాం. నక్షాలో ఐఆర్ఎఫ్ అని ఉంటే కడ్డీ దొరికిందని, ఐఆర్ఎస్ అని ఉంటే కొత్తగా పాతామని అర్థం. మీ 2011 సర్వే తీసి చూడండి. నాలుగు మూలల్లో ఎన్ని దొరికాయి, ఎన్ని పాతారు, ఏ మూల దగ్గరైనా కడ్డీకి బదులు కంచె స్తంభాన్నే గుర్తుగా తీసుకున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇక టీ-47 గురించి. ఆ కాగితంలో అమ్మేవారు ప్రమాణం చేసేది, సర్వే జరిగిన తేదీ తర్వాత కొత్త కట్టడాలు, గదులు, పూల్ వంటివి కట్టలేదని, హద్దు కంచెలు జరగలేదని, పక్కవాళ్ల నిర్మాణం తమ స్థలంలోకి రాలేదని, ఎవరికీ కొత్తగా ఈజ్‌మెంట్ (స్థలంలో కొంత భాగాన్ని వాడుకునే హక్కు) ఇవ్వలేదని మాత్రమే. అది కూడా తమకు తెలిసినంత మేరకు. మధ్యలో ఇల్లు కొన్నవారికి తాము రాకముందు ఏం జరిగిందో తెలియకపోవచ్చు, వాళ్లు అబద్ధం చెప్పారని అనడానికి కూడా వీలుండదు. పైగా ఆ అఫిడవిట్ టైటిల్ కంపెనీ నమ్మకం కోసం రాసేది, మీకు ఇచ్చే హామీ కాదు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. సర్వే నక్షా మీద అది ఎవరి కోసం ధ్రువీకరించబడిందో పేర్లు రాసి ఉంటాయి. మీ దగ్గర ఉన్నదానిలో మొదటి యజమాని పేరు ఉంటుంది, మీ పేరు ఉండదు. కొలతలో పొరపాటు జరిగిందని తర్వాత తేలినా ఆ సర్వేయర్‌ను మీరు నిలదీయడం కష్టం. అదీగాక, సర్వే తప్పుల వల్ల జరిగిన నష్టానికి దావా వేయాలంటే ఆ సర్వే పూర్తయిన పదేళ్లలోపే వేయాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. 2011 నాటి సర్వేకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అంటే మీ చేతిలో ఉన్న కాగితం వెనుక ఈరోజు జవాబుదారీగా నిలబడేవారు ఎవరూ లేరు.

పూల్ కట్టించాలనుకుంటున్నారు కాబట్టి నా సలహా సూటిగా ఇదే: చేయించండి. పెరటి వెనుక భాగంలో యుటిలిటీ ఈజ్‌మెంట్ ఎంత వెడల్పు ఉందో, పక్క వైపు డ్రైనేజీ ఈజ్‌మెంట్ ఏదైనా ఉందో, ఇంటి ముందు కట్టడం దాటకూడని బిల్డింగ్ లైన్ ఎక్కడుందో తెలియకుండా పూల్ ఎక్కడ పడుతుందో చెప్పలేరు. ఈజ్‌మెంట్ మీద కట్టిన షెడ్డునైనా, అరుగునైనా, తమ లైను మరమ్మతు కోసం యుటిలిటీ సంస్థ తొలగించమంటే మీకు పరిహారం దక్కకపోవచ్చు. పర్మిట్ ఇచ్చే ముందు నగరపాలక సంస్థ కూడా కొలతలతో కూడిన నక్షా అడుగుతుంది. అంటే ఈ ఖర్చు మీకు ఎలాగూ వచ్చేదే. ఇప్పుడు పెడితే ఆ నక్షాలో తేలిన విషయాన్ని అమ్మేవారి ముందు పెట్టి మాట్లాడే అవకాశం ఉంటుంది, వచ్చే ఏడాది పెడితే ఉండదు.

సమాధానం: పశ్చిమ తీర నివాసి, శాన్ హోసే

పై సమాధానం ఎంతో వివరంగా ఉంది, అయినా అందరికీ ఒకే మందు సరిపోదని చెప్పదలచుకున్నాను. కాలిఫోర్నియాలో మామూలు శివారు ఇల్లు కొనేవారిలో అత్యధికులు సర్వే లేకుండానే కొంటారు. ఇక్కడి లెండర్లు సాధారణంగా అడగరు. స్థలాల విభజన చూపే రికార్డయిన ట్రాక్ట్ మ్యాప్ ఉంటుంది, టైటిల్ పాలసీ ఉంటుంది, దానితోనే పని జరిగిపోతుంది. పక్కవాడి కంచె మన స్థలంలోకి వచ్చినంత మాత్రాన అతడికి హక్కు వచ్చేయదు. ఇక్కడ ప్రతికూల స్వాధీనం (ఇతరుల స్థలాన్ని ఏళ్ల తరబడి ఆక్రమించి ఉన్నందువల్ల వచ్చే హక్కు) రుజువు కావాలంటే అయిదేళ్ల స్వాధీనంతోపాటు ఆ ముక్కకు ఆస్తి పన్ను కూడా అతడే కట్టి ఉండాలి, హద్దు తగాదాల్లో అది అరుదుగా కుదురుతుంది.

కాండో కొనేవారికైతే విడిగా సర్వే అనే ప్రశ్నే సాధారణంగా రాదు. గోడల మధ్య ఉన్న యూనిట్ మీది, నేల అందరిదీ, వాటి సరిహద్దులు కాండో డిక్లరేషన్‌లోనూ దాని నక్షాలోనూ ఉంటాయి. బిల్డరు దగ్గర కొత్త ఇల్లు కొనేవారు కూడా ముందుగా బిల్డరును అడగాలి. చాలాచోట్ల పునాది పోసే ముందు ఒకసారి, ఇల్లు పూర్తయ్యాక ఒకసారి వాళ్లే కొలిపిస్తారు. ఆ చివరి నక్షాలో మీ పేరు చేర్పించుకుంటే చాలు.

చేతిలో ఉన్న కొద్ది డబ్బును మురుగు పైపులో కెమెరా పరీక్షకు పెట్టాలా, పునాది చూసే ఇంజినీరుకు పెట్టాలా, సర్వేకు పెట్టాలా అనే పరిస్థితి వస్తే, నా వరకు నేను మొదటి రెండింటికీ ప్రాధాన్యం ఇస్తాను. అయితే కొండవాలు మీద ఇల్లు, పెద్ద విస్తీర్ణంలో ఉన్న స్థలం, పక్కింటివారితో ఉమ్మడి డ్రైవ్‌వే, బావి లేదా సెప్టిక్ ట్యాంకు ఉన్న పాత ఇల్లు అయితే ఈ లెక్క మారుతుంది. పూల్ కట్టే ఆలోచన ఉన్నవారి విషయంలో నేను కూడా వాదించను.

సమాధానం: టైటిల్ డెస్కు, డల్లాస్

నేను టైటిల్ ఆఫీసులో ఎస్క్రో పని, అంటే క్లోజింగ్ డబ్బు, కాగితాల వ్యవహారం చూస్తాను. ఈ చర్చలో రెండు విషయాలు కలిసిపోతున్నాయి, వాటిని విడదీయాలి. టైటిల్ కంపెనీ పాత సర్వేను అంగీకరించిందంటే, ఆ సర్వే ఆధారంగా పాలసీ రాయడానికి తాను సిద్ధమని చెప్పడమే. స్థలం మీద అంతా సవ్యంగా ఉందని మీకు చెప్పడం కాదు.

ఇల్లు కొనేవారికి ఇచ్చే టైటిల్ బీమా అయిన టెక్సాస్ ఓనర్స్ పాలసీలో, విస్తీర్ణంలోనూ హద్దులలోనూ ఉండే తేడాలు, తక్కువలు, ఆక్రమణలు, ఒకదాని మీదికి ఒకటి వచ్చిన నిర్మాణాలు ఇవేవీ బీమాలోకి రావని ఒక ప్రామాణిక మినహాయింపు ఉంటుంది. అదనపు ప్రీమియం కట్టి ఆ మినహాయింపును "విస్తీర్ణంలో తక్కువలు" అన్న మాటల వరకే కుదించుకోవచ్చు. ఇళ్లకు ఆ అదనం ప్రాథమిక ప్రీమియంలో 5 శాతం, అయిదు లక్షల డాలర్ల ఇంటికి రెండు వందల డాలర్లు కూడా దాటదు. ఈ రేట్లను టెక్సాస్ బీమా శాఖ నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే. మీ కాంట్రాక్టు ఆరో పేరాలో ఈ సవరణ అడిగారా, ఖర్చు ఎవరిదని రాశారు అన్నది ముందు చూసుకోండి. అక్కడ గడిలో గుర్తు పెట్టకుండా వదిలేసినవాళ్లను నేను తరచుగా చూస్తుంటాను.

సవరణ ఉంటే సర్వే ఎందుకని మీరు అడగవచ్చు. సర్వేలో ఇప్పటికే కనిపిస్తున్న ఆక్రమణను కంపెనీ పేరు పెట్టి విడిగా మినహాయించుకుంటుంది. మీకు ముందే తెలిసి, కంపెనీకి తెలియకుండా, మీరు రాతపూర్వకంగా చెప్పకుండా ఉంచిన విషయానికి పాలసీ వర్తించదు. నష్టం ఒప్పుకున్నా కంపెనీ చూసేది ఆస్తి విలువలో వచ్చిన తగ్గుదలను, మీ పూల్ డిజైన్ మార్చుకోవడానికి అయిన ఖర్చును కాదు. మంచి పాలసీ ఉండటం అవసరమే, కానీ అది జరిగిన నష్టానికి కొంత డబ్బు ఇస్తుందే తప్ప నేలను సరిచేయదు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది గడువు గురించి. మన ప్రామాణిక కాంట్రాక్టులో 6-డి పేరా ప్రకారం, టైటిల్ కమిట్‌మెంట్ (ఏ షరతుల మీద పాలసీ ఇస్తారో చెప్పే పత్రం), మినహాయింపుల పత్రాలు, సర్వే మీ చేతికి వచ్చిన తర్వాత కాంట్రాక్టులో రాసుకున్న కొద్ది రోజుల్లో, లేదా క్లోజింగ్ రోజుకు, ఏది ముందైతే అప్పటిలోగా, వాటిలో కనిపించిన లోపాల మీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. చెప్పకపోతే ఆ హక్కు వదులుకున్నట్టే లెక్క. సకాలంలో చెబితే సరిచేయడానికి అమ్మేవారికి 15 రోజుల వ్యవధి ఉంటుంది. అయితే తన జేబులోంచి ఖర్చు పెట్టాల్సిన బాధ్యత ఆయన మీద లేదు. ఆ వ్యవధిలో సరికాకపోతే మీరు కాంట్రాక్టు రద్దు చేసుకుని ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కి తీసుకోవచ్చు. క్లోజింగ్‌కు రెండు రోజుల ముందు సర్వే తెప్పించుకుని, లారీ మాట్లాడుకున్నాం, అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఇప్పుడేం చేయమంటారు అని అడిగేవారికి నేను ఇవ్వగలిగిన సమాధానం ఏమీ ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది. సర్వే చేయిస్తే ఈ వారమే చేయించండి, లేదంటే దాని విలువ సగం పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు: కొత్త గృహస్థు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక ఈ సాయంత్రం మళ్లీ ఇంటికి వెళ్లి, 2011 సర్వేను చేతిలో పట్టుకుని పెరడంతా తిరిగి చూశాం. నక్షాలో ఇంటి వెనుక ఒక చిన్న కాంక్రీటు అరుగు మాత్రమే ఉంది. ఇప్పుడక్కడ ఆ అరుగుకు రెండింతల పెద్ద ప్యాటియో, దాని మీద స్తంభాలతో కూడిన కప్పు ఉన్నాయి. తూర్పు వైపు కంచె పక్కనే పునాది మీద నిలబెట్టిన ఒక షెడ్డు కూడా ఉంది, అది నక్షాలో అసలు లేదు. టీ-47లో మాత్రం మార్పులేమీ లేవని రాసి ఉంది. నక్షాలో వెనుక హద్దు పొడుగునా చుక్కల గీత గీసి యూఈ (యుటిలిటీ ఈజ్‌మెంట్) అని రాశారు. కప్పు స్తంభాలు ఆ గీతకు ఇవతల ఉన్నాయా, అవతల ఉన్నాయా అన్నది నాకు అర్థం కావడం లేదు.

రియల్టర్‌కు ఫోటోలు పంపాను. ఆ ప్యాటియో కప్పు ఇప్పుడున్నవారు రాకముందే వేసి ఉండవచ్చని, వాళ్లు మంచి మనుషులని, ఈ దశలో ఇబ్బంది పెడితే బాగుండదని అన్నారు. అమ్మేవారి మంచితనం మీద నాకు కూడా అనుమానం లేదు. కౌంటీ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రం మీద స్థలాల గీతలు కనిపిస్తాయి కదా, వాటిని బట్టి చూస్తే షెడ్డు కొంత భాగం పక్కింటి వైపు ఉన్నట్టు కనిపిస్తోంది. దాన్ని నమ్మవచ్చా?

సమాధానం: కొలతల పనివాడు

కౌంటీ మ్యాపులోని ఆ గీతలను నమ్మవద్దు. అవి పన్ను లెక్కల కోసం గీసినవి, ఉపగ్రహ చిత్రం మీద కొన్ని అడుగులు అటూ ఇటూ పడటం మామూలే. వాటిని చూసి షెడ్డు పక్కింట్లో ఉందని భయపడటమూ తప్పే, సక్రమంగా ఉందని ధైర్యపడటమూ తప్పే. పాత నక్షా మీద స్కేలు పెట్టి కొలవడం కూడా అలాంటిదే, ఫోటోకాపీ తీసినప్పుడే స్కేలు మారిపోయి ఉంటుంది. మీకు తెలియాల్సింది స్తంభం నుంచి హద్దు గీతకు ఎన్ని అడుగులు, షెడ్డు గోడ నుంచి తూర్పు హద్దుకు ఎన్ని అడుగులు అన్న రెండు అంకెలు. అవి కొత్త కొలత వల్లే వస్తాయి.

సమాధానం: టైటిల్ డెస్కు, డల్లాస్

మీరు రాసిన విషయంతో పరిస్థితి మారింది. సర్వేకూ ఇప్పుడున్న స్థితికీ తేడా ఉందని మీకు తెలిసిపోయింది కాబట్టి, నేను పైన చెప్పిన "తెలిసి చెప్పని విషయం" అన్న మినహాయింపు ఇక మీకు నేరుగా వర్తిస్తుంది. రేపు ఉదయమే ఫోటోలు జతచేసి టైటిల్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. నా అనుభవంలో, అఫిడవిట్‌లో లేని కట్టడం ఉందని తెలిశాక కంపెనీ ఆ పాత సర్వేను అంగీకరించడం మానేసే అవకాశమే ఎక్కువ. అలా మానేస్తే కొత్త సర్వే చేయించక తప్పదు, దాని ఖర్చు అమ్మేవారిదా కొనేవారిదా అన్నది 6-సి పేరాలో ఏ గడిలో గుర్తు పెట్టారో దాన్ని బట్టి తేలుతుంది. ఆ సందర్భంలో క్లోజింగ్‌కు మూడు రోజుల ముందుకల్లా సర్వే సిద్ధం కావాలని కూడా అక్కడే రాసి ఉంటుంది.

ఇది అమ్మేవారిని ఇబ్బంది పెట్టడం కాదు. ఆ షెడ్డు పక్కింటి హద్దులో ఉంటే ఆ తగాదా ఇప్పుడు ఆయనది, క్లోజింగ్ మర్నాటి నుంచి మీది. ఎవరి దగ్గర ఉన్నప్పుడు దాన్ని తేల్చాలన్నది అడగాల్సింది ఇప్పుడే. ప్యాటియో కప్పుకు నగర పర్మిట్ ఉందా, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి ఉందా అన్నది కూడా ఈ లోపు అడిగి పెట్టుకోండి.

సమాధానం: ఎడిసన్ గృహిణి, న్యూజెర్సీ

మా అనుభవం ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నాను. న్యూజెర్సీలో ఇల్లు కొనేటప్పుడు సర్వే చేయించడం ఆనవాయితీ. మేము కొన్న ఇంటికి చేయించినప్పుడు, పక్కింటివారి డ్రైవ్‌వే అంచు పొడుగునా ఒక పట్టీలాగా మా స్థలంలోకి వచ్చి ఉందని తేలింది. వాళ్లు కావాలని చేసింది కాదు, ఎప్పుడో తారు పోసినవారు అంచు చూసుకోకుండా వెడల్పు చేసుకుంటూ వచ్చారు. మా అటార్నీ వెంటనే అమ్మేవారి అటార్నీకి ఉత్తరం రాశారు. పక్కింటివారితో మాట్లాడి, ఆ పట్టీ మాదేనని, దాన్ని మా అనుమతితోనే వాళ్లు వాడుకుంటున్నారని ఒప్పంద పత్రం రాయించి, క్లోజింగ్‌కు ముందే కౌంటీ కార్యాలయంలో రికార్డు చేయించారు. అనుమతితో వాడుకునేవారికి ప్రతికూల స్వాధీనం వర్తించదు కాబట్టి ఆ ఒక్క కాగితంతో భవిష్యత్తులో వచ్చే పేచీ తెగిపోయింది. మా రాష్ట్రంలో అటువంటి హక్కుకు సాధారణంగా 30 ఏళ్లు పడుతుంది, మీ టెక్సాస్‌లో చాలా సందర్భాల్లో పదేళ్లే అని విన్నాను, కాబట్టి మీకు జాగ్రత్త ఇంకా అవసరం.

మాకు ఇప్పటికీ ఆ పక్కింటివారితో మాటలు, రాకపోకలు ఉన్నాయి. అదే మేము ఇంట్లో దిగిన రెండేళ్లకు టేపు పట్టుకుని వాళ్ల డ్రైవ్‌వే కొలవడానికి వెళ్లి ఉంటే ఆ స్నేహం ఉండేది కాదని నా నమ్మకం. కొత్తగా వచ్చినవారు అడిగితే గొడవకు వచ్చినట్టు ఉంటుంది, కొనే ముందు అటార్నీ ద్వారా అడిగితే కాగితాల పనిలాగా జరిగిపోతుంది.

మరో మాట. మా దగ్గర సర్వేయర్ మూలల్లో గుర్తులు పాతాలన్నది నిబంధన. అయితే అవి వద్దని కొనేవారు సంతకం పెడితే మానేయవచ్చు, ఆ మేరకు ఖర్చు కొంత తగ్గుతుంది. క్లోజింగ్ కాగితాల కట్టలో ఆ వద్దు అనే పత్రం కూడా కలిపి ఇస్తారు, చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు. మేము పెట్టలేదు. కంచె వేయించినప్పుడు ఆ గుర్తుల వల్లే పని ఒక్క మాట తగాదా లేకుండా సాగింది. మాసాచుసెట్స్‌లో ఉన్న మా బంధువులకు లెండర్ కోసం తయారుచేసిన మార్ట్‌గేజ్ ప్లాట్ ప్లాన్ ఒకటి ఇచ్చారు. అది ఇల్లు సుమారుగా స్థలంలోనే ఉందని లెండర్‌కు చూపించడానికే తప్ప కంచె వేయడానికి పనికిరాదని దాని మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అటువంటి కాగితాన్ని హద్దు సర్వే అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు: కొత్త గృహస్థు

టైటిల్ కంపెనీకి ఫోటోలతో ఈమెయిలు పంపించాను. కొత్త సర్వే కావాలని వాళ్లు మధ్యాహ్నానికల్లా తెలియజేశారు. కాంట్రాక్టులో ఖర్చు మామీదే పడేటట్టు గుర్తు పెట్టి ఉంది, దానికి మేము సిద్ధపడ్డాం. ఒక కార్యాలయం వచ్చే మంగళవారం బృందాన్ని పంపిస్తామని, ఆ తర్వాత నాలుగు పనిదినాల్లో నక్షా ఇస్తామని ఒప్పుకుంది. అభ్యంతరాల గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రియల్టర్‌ను రాతపూర్వకంగా అడిగాను. ఆర్డరు ఇచ్చేటప్పుడు ప్రత్యేకంగా ఏమేమి అడగాలో చెప్పగలరా?

సమాధానం: కొలతల పనివాడు

ముందుగా, ఆ సంస్థలో నక్షా మీద ముద్ర వేసే వ్యక్తి పేరు, లైసెన్సు నంబరు తీసుకుని, టెక్సాస్ బోర్డ్ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజినీర్స్ అండ్ ల్యాండ్ సర్వేయర్స్ వెబ్‌సైటులో ఆ లైసెన్సు అమలులో ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని. టైటిల్ కంపెనీ దగ్గరున్న కమిట్‌మెంట్‌ను సర్వేయర్‌కు పంపమని వాళ్లకు చెప్పండి. అందులోని షెడ్యూల్-బిలో ఉన్న ఈజ్‌మెంట్లు, ఆంక్షలు చేతిలో లేకపోతే సర్వేయర్ వాటిని నక్షా మీద చూపించలేడు. తర్వాత సవరణలంటూ వారం గడిచిపోతుంది.

ఆర్డరులో స్పష్టంగా రాయవలసినవి: నక్షాను మీ ఇద్దరి పేర్ల మీద, లెండర్, టైటిల్ కంపెనీ పేర్ల మీద ధ్రువీకరించాలి. నాలుగు మూలల్లోనూ కడ్డీలు కనుక్కుని లేదా పాతి, వాటి పక్కన రంగు రిబ్బను కట్టిన చెక్క మేకులు నిలబెట్టాలి. కంచె ప్రతి వైపు హద్దు గీతకు ఎంత లోపల లేదా ఎంత బయట ఉందో అంకెల్లో రాయాలి. ప్యాటియో కప్పు స్తంభాల నుంచి యూఈ గీతకు, షెడ్డు గోడ నుంచి తూర్పు హద్దుకు ఉన్న దూరాలు విడిగా చూపించాలి. ఈ చివరి రెండూ అడగకపోతే కొందరు కేవలం షెడ్డు అని రాసి, బొమ్మ గీసి వదిలేస్తారు. ఇంటి వెనుక వాగు గానీ నీటి కాలువ గానీ ఉంటే, వరద మండలం గురించి నక్షాలో రాసే ఒక్క వాక్యంతో తృప్తి పడకండి. అది ఫీమా (ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ) మ్యాపును చూసి రాసేదే తప్ప మీ ఇంటి ఎత్తును కొలిచి రాసేది కాదు. ఎత్తు తెలియాలంటే ఎలివేషన్ సర్టిఫికెట్ అని వేరే ఉంటుంది, దానికి వేరే రుసుము.

నేల అడుగున ఉన్న గ్యాసు, కరెంటు, కేబుల్ లైన్లు ఈ సర్వేలో కనిపించవు. ఈజ్‌మెంట్ ఎక్కడుందో నక్షా చెబుతుంది, అందులో తీగ ఎక్కడుందో చెప్పదు. పూల్ కోసం తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే ఆయా సంస్థలవారు వచ్చి నేల మీద రంగులతో గుర్తులు పెట్టి వెళతారు, దానికి మీరు ఏమీ చెల్లించనక్కరలేదు.

మంగళవారం బృందం వచ్చినప్పుడు అమ్మేవారి అనుమతితో మీరు కూడా అక్కడ ఉండగలిగితే ఉండండి. పెరటి గేటు తాళం వేసి ఉండటం వల్ల, కుక్కను కట్టేయకపోవడం వల్ల తిరిగి వెళ్లిపోయిన రోజులు మాకు చాలా ఉన్నాయి, మీకు మరో రోజు వృథా చేసుకునే వ్యవధి లేదు. తూర్పు మూల కడ్డీ దొరికిన వెంటనే షెడ్డు సంగతి బృందంలోని పెద్దకు అక్కడికక్కడే సుమారుగా తెలిసిపోతుంది. ఆయన నోటిమాట ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకండి, ముద్ర వేసిన నక్షా చేతికి వచ్చిన రోజునే దాన్ని టైటిల్ కంపెనీకి, మీ రియల్టర్‌కు పంపించి, అభ్యంతరం ఏదైనా ఉంటే ఆ రోజే రాసి పెట్టండి.